చప్పుడు లేని కీబోర్డు

నేను సిరిసిల్లకు పెండ్లికి పోయి వచ్చేసరికి నా బిడ్డ నా కీబోర్డును తీసేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. దాని జాగలో చప్పుడు చేయని రబ్బరు కీబోర్డు ఒకటి పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లో అన్నం వార్చుకుంటున్నది.

జగిత్యాలలో మా ఇంటి ముందర అర్రలో బిడ్డ జిరాక్సు దుకాణం నడుపుతది. తెలుగులో టైపు చేయవలసిన పెండ్లి పత్రికలు, దరఖాస్తులు ఏవి వచ్చినా అవి నా పాలివి. ఈ వయసులో నేను ఇంకా పనికొస్తున్నానని నాకు నేను చెప్పుకునేది ఆ ఒక్క పనితోనే. నా పాత కీబోర్డులో ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క స్ప్రింగు. నొక్కితే టక్కుమని, అక్షరం పడ్డదని వేలికీ చెవికీ ఒక్కసారే చెప్పేది. ఈ కొత్తదానిలో మీటలన్నిటి కింద ఒకటే రబ్బరు పొర. తడిసిన అటుకుల మీద పెట్టినట్టు వేలు దిగబడిపోతది, అడుగుదాకా నొక్కితే గాని అక్షరం పడదు, పడ్డదో లేదో చెప్పదు. తల ఎత్తి తెర చూడాలె, దించి మీట చూడాలె. కూర్చున్నకాడ కూర్చోలేక లేచి వాకిట్లోకి పోతున్న, హోటలుకు పోయి చాయ తాగి వస్తున్న, వచ్చి కూర్చుంటే మళ్లీ అదే మెత్తదనం.

చప్పుడు నడుమ పెరిగినవాణ్ని నేను. సిరిసిల్లలో మా నాయిన సాంచెలు నడిపేటోడు. మరమగ్గాలను అక్కడ అట్లనే అంటరు. అవి ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడకపోయేది గాని, మా అవ్వ వెనక వంటింట్లో రొట్టెలు చేసుకుంటూనే, అంత మోతలో ఏ సాంచె గొంతు మారిందో పట్టుకొని, పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి వేలు చూపేది. నాయిన పోయి చూస్తే అక్కడ పోగు తెగే ఉండేది. మొన్న పెండ్లికి పోతే ఆ చుట్టాల కార్ఖానాలో సాంచెలు బందున్నయి. అంత నిశ్శబ్దంలో నాకు అన్నం కూడా సయించలేదు.

బడి చదువు నడుమనే ఆగినా, కోరుట్లలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చే పనికి కుదిరి, అందరూ వెళ్లిపోయినంక మిషన్ల మీద నా అంతట నేనే నేర్చుకున్న. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటది, ఆ మిషన్లన్నీ ఒక్కసారి మొదలైతే రేకుల మీద వాన పడ్డట్టుండేది. సారు కుర్చీలో కండ్లు మూసుకొని కూర్చునేటోడు, నిద్రపోయిండనుకునేటోళ్లం. అంతలోనే, "ఎవడ్రా వాడు, చిటికెన వేలును పండవెట్టిండు? లేపుండ్రి!" అని గద్దించేటోడు, ఆ వానలో ఒక్క చినుకు ఆలస్యమైనా ఆయనకు తెలిసిపోయేది. నా బిడ్డకు టైపు నేర్పినప్పుడు నేనూ అదే పట్టు పట్టిన. గోడ ఇవతల కూర్చొని, అటు అది కొట్టే వరస వింటూ, తప్పు పడ్డకాడ గోడ మీద తట్టేవాణ్ని.

అట్లాంటి బిడ్డ ఇట్ల చేస్తదా? పాత కీబోర్డు ఏదంటే అటుక మీద ఉన్నదంటది. ఎందుకు తీసినవంటే, దుకాణానికి వచ్చే గిరాకీలకు తలనొప్పి లేస్తున్నదంటది. జిరాక్సు మిషను మోతకు లేవని తలనొప్పి నా వేళ్లకు లేచిందట! దుబాయిల ఉన్న అల్లుడు సుతం ఫోన్ల నవ్వుతడు, "మామా, ఇన్ని దినాలు మీ ఇంట్ల మక్క పేలాలు ఏపుతున్నరనుకున్న!" అని. మొన్న ఒక పత్రికలో పెండ్లికొడుకు పేరులోనే ఒక అక్షరం ఎగిరిపోతే వాళ్లు తిరిగి తెచ్చిండ్రు. ఇగో చూడు నీ రబ్బరు చేసిన పని అని నేను ఎగిరితే, బిడ్డ ఆ అక్షరం సరిచేసి మళ్లీ ప్రింటు తీసి ఇచ్చింది.

ఇప్పుడు అందరూ ఫోను అద్దం మీద బొటనవేళ్లతోనే రాస్తున్నరు, చప్పుడే లేదు. పక్క అర్రలో మనిషి రాస్తున్నడో, ఆగిండో, అలిసిండో గోడ ఇవతలివాళ్లకు తెలిసే దారి పోయింది. అది పోయినందుకు ఎవరికీ బాధ లేదేమో, నాకున్నది.

నిన్న పొద్దున ఇక పట్టలేక వంటింటి గుమ్మంలో నిలబడ్డ. ఈ తప్పులన్నీ రబ్బరువే, నా కీబోర్డు నాకు దించి ఇయ్యి, లేకుంటే ఇగ టైపే ముట్టనన్న. బిడ్డ పొయ్యి బందు చేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నా దిక్కు చూడకుండా అన్నది:

"ఈ రబ్బరుది పెట్టకముందు సుతం తప్పులు పడుతుండె బాపూ. నువ్వు కొట్టుడు, ఆగుడు, చెరుపుడు, మళ్ల కొట్టుడు... ఎడమ చెయ్యి ఎనుకబడుతున్నది. పొయ్యికాడ నిలవడి దినాం గదే ఇనుకుంట అన్నం వండుడు నాతోని కాలేదు. నాకు ఇనుడు నేర్పింది నువ్వే గద."