అమ్మను దించిన అక్క

సంతకు గొర్రెలు తోలుకుపోతున్న మనిషి మా వాకిట్లో ఆగి చెప్పాడు, మా అక్క పోయిందని. ఏడుస్తూనే బండి కట్టించాను. ఆ ఏడుపులో సగం కోపమే. బతికుండగా నాకెందుకు కబురు పెట్టలేదు? దారి పొడుగునా నిజాం సిపాయిల గస్తీ కదా, అందుకేనేమో అని సర్దిచెప్పుకున్నాను.

అక్కంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళు. దాచేదేముంది! జ్వరమొస్తే అమ్మకు అక్క చెయ్యే కావాలి. తప్పిపోయిన గొర్రెపిల్ల కూడా అక్క కూతకే వచ్చేది, నేను గొంతు చించుకున్నా దిక్కులు చూసేది.

అమ్మ మంచాన పడితే ఇద్దరం పుట్టింటికి వచ్చి చాకిరీ చేశాం. సర్కారు దవాఖాన సీసామందు అయిపోయింది. ఒకనాడు అమ్మ నోరు మూసుకుంది. నేను అంబలి పోద్దామని ఉగ్గుగిన్నెతో పెదవులు విడదీయబోతే తల తిప్పి, అక్కను చూసి, "ఇగ చాలు బిడ్డా, నన్ను కిందికి దించు" అంది.

మాలో ప్రాణం మంచం మీద పోకూడదు. గొంగడి పరిచి నేలకు దించుతారు. దించారంటే, ఇంటివాళ్ళు పొమ్మని ఒప్పుకున్నట్టే.

"పానముండంగనే దించుతవానే? ఇంకో బుక్కెడు తాగితే లేస్తది!" అని అరిచాను.

"ఆమెకు వద్దంట చెల్లె. మన కోసం తాగుమందామా?"

అక్క అమ్మను దించింది. సాయంత్రానికి అమ్మ అక్క ఒళ్ళోనే పోయింది. నన్ను కాదని అక్కనడిగినందుకు అమ్మ మీద నాకు ఇప్పటికీ అలకే. ఆ తర్వాత అక్క అత్తగారి ఊళ్ళో ఎవరు మంచాన తీసుకుంటున్నా అక్కనే పిలిచేవారు. అక్క చుట్టాల మాట పక్కనపెట్టి, "నీకేం కావాలె?" అని పడుకున్నవాళ్ళనే అడిగేది. అలా అడిగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను చేరేసరికి అక్క మంచం వాకిట్లో నిలబెట్టి ఉంది. అక్క కోడలు ఎదురొస్తే మీద పడ్డాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"అత్తమ్మనే వద్దన్నది చిన్నత్తా. 'అది అంబలి పట్టుకొని కూసుంటది, నన్ను పోనియ్యది. నేను పోయినంకనే పిలువుండ్రి. ఆకలితోని వస్తది, పక్కింట్ల దానికింత అంబలి ఉంచుండ్రి' అన్నది. నన్నే దించుమన్నది. దించిన."

మళ్ళీ నేను కాదు. నిన్నగాక మొన్న వచ్చిన కోడలు!

పక్కింటి నుంచి అంబలి ముంత తెచ్చి నా పెదవులకు అందించింది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. అయినా నోరు తెరుచుకోలేదు. ఆ పిల్ల బతిమాలలేదు, బలవంతం చేయలేదు. కాసేపు నా ముఖం చూసి, ముంత కింద పెట్టి, నా పక్కనే కూర్చుంది. ఈ విద్య కూడా అక్క దానికే నేర్పిపోయింది, నాకు కాదు. ముంతలో అంబలి తేట తేరేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.