డండీలో అరిచిన అత్తయ్య

అత్తయ్య పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను కొత్తపేటలో, మా స్కూల్లో, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పొద్దున్న కాఫీ తాగిందట, మళ్ళీ కాసేపు ఒరుగుతానందట, ఇక లేవలేదట. ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. సాయంత్రం అయ్యేసరికి ఏడుపు పోయి కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ళని తలుచుకునేటప్పుడు మెత్తగా రాయాలని నాకూ తెలుసు. చదివేవాళ్ళు మన్నించాలి, ఈసారి నాకు చేతకావడం లేదు.

ఆ సాయంత్రం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక కార్డు వచ్చింది. జరీ చీర, వెనకాల గోపురం, నెరిసిన జుట్టు, బొట్టు లేని నుదురు, పెదవులు కలిపి సన్నగా నవ్వుతున్న ఒక పెద్దావిడ. కింద ‘సాధ్వీమణి, అణకువకు మారుపేరు’ అని రాసి ఉంది. ఎవరో నాకు వెంటనే తెలియలేదు. కనుబొమ్మ మీది గాటు చూసి గుర్తుపట్టాను. అత్తయ్యే. ఆ ఫోటో కూడా నాకు బాగా తెలిసినదే. అసలు ఫోటోలో అత్తయ్యకి పాతికేళ్ళు ఉంటాయి. నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనపడేలా అరుస్తూ ఉంటుంది. స్కాట్లండులో ఒక ఫుట్‌బాల్ గ్రౌండులో, తన జట్టు గోలు కొట్టిన క్షణంలో ఎవరో తీసిన ఫోటో అది. మావాళ్ళు దానికి జుట్టు నెరిపించారు, బొట్టు తుడిచారు, నోరు మూయించారు.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. కాకినాడలో నర్సు ట్రైనింగు చదివింది. కొబ్బరి తోటలున్న ఇంటి ఆడపిల్లకి ఆ పనేమిటని ఊరంతా అన్నా తాతగారు వినలేదు. ఆ రోజుల్లో స్కాట్లండు ఆస్పత్రుల వాళ్ళు మన నర్సుల్ని తీసుకుంటుంటే, ఇంకో ఇద్దరితో కలిసి డండీ అనే ఊరు వెళ్ళింది. జనపనార మిల్లుల ఊరు. బెంగాల్ నుంచి ఓడల్లో వెళ్ళిన నార అక్కడ గోనె గుడ్డ అయ్యేదట. మా ఊరి చివర కొబ్బరి పీచు నానబెట్టిన గుంటల కంపు వస్తే మేం ముక్కు మూసుకునేవాళ్ళం. అత్తయ్య మాత్రం అక్కడ కాసేపు ఆగేది. కళ్ళు మూసుకుంటే డండీలో ఉన్నట్టే ఉంటుందనేది.

ఆ ఊళ్ళో రెండు పెద్ద జట్లు. వాటి గ్రౌండ్లు రెండూ ఒకే వీధిలో, కేకేస్తే వినపడేంత దూరంలో ఉంటాయట. అత్తయ్య వార్డులోనే పనిచేసే ఒక స్కాటిష్ నర్సు, హాస్టలు గదిలో ఒంటరిగా కూచుని ఇంటిమీద బెంగతో ఏడుస్తున్న అత్తయ్యని ఒక శనివారం లాక్కెళ్ళి ఆట చూసే జనం మధ్యలో నిలబెట్టింది. అప్పటి నుంచి డ్యూటీ లేని ప్రతి శనివారమూ అదే పని. చీర మీద మగవాళ్ళ ఓవర్‌కోటు, కింద బురదలో తడిసిన కుచ్చెళ్ళు. ఆ వేల మందిలో చీర కట్టుకున్నది తనొక్కతేనని, ఒకసారి బాల్ తన్నబోయిన కుర్రాడు చీర చూసి ఆగిపోయాడని చెప్పేది. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. కానీ ఎన్నిసార్లు చెప్పించుకున్నా ఒకేలా చెప్పేది.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఐనవిల్లి దగ్గర అత్తయ్యగారింటికి వెళ్ళినప్పుడల్లా నేను అడిగేది ఆ ఫోటోల ఆల్బమే. టోపీలు పెట్టుకుని మెట్లమీద కిక్కిరిసి నిలబడ్డ మగవాళ్ళు, వాళ్ళ తలల మీదుగా ముందుకి అందిస్తున్న ఒక పిల్లవాడు, మంచులో సగమే కనపడుతున్న గోలు స్తంభాలు, ఒళ్ళంతా బురదతో ఎవరు ఏ జట్టో తెలియని ఆటగాళ్ళు. ఒక్కొక్క ఫోటో మీద వేలు పెట్టి ఆ రోజు ఎవరు ఓడారో, చలికి ఏం తాగారో, తిరిగి వస్తూ ఏ పాట పాడారో చెప్పేది. పాడమంటే మాత్రం ఎవరైనా వింటారేమోనని వంటింటి వైపు చూసి, తర్వాత పాడతాలే అనేది.

ఆ ఆల్బంలో చాలా ఫోటోలు ఒక పక్క కత్తిరించి ఉండేవి. అత్తయ్య భుజం మీద ఒక చెయ్యి ఉండేది, ఆ చేతికి మనిషి లేడు. ఆ చెయ్యి ఎవరిదని అడిగాను.

“నన్ను ఆటకి తీసుకెళ్ళేదని చెప్పేనే, ఆ నర్సుది. ప్యాంటు వేసుకుంది, జుట్టు పొట్టిగా ఉంది. మీ మావయ్యగారు మగాడనుకున్నారు.”

“నువ్వు చెప్పలేదా అత్తయ్యా?”

“చెప్పేను. ఆయన ముందు కత్తిరించేసి, తర్వాత అడిగేరు.”

ఇది చెప్పి నవ్వింది. నాకు అప్పుడు నవ్వే వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

అత్తయ్య అక్కడి నుంచి తనంతట తాను రాలేదు. అమ్మకి సీరియస్‌గా ఉందని మా నాన్నగారు టెలిగ్రాం ఇచ్చారు. కంగారుపడి వచ్చేసరికి నానమ్మ అరుగు మీద కూచుని ఆవకాయకి ముక్కలు తుడుస్తోందట. పెళ్ళి ముహూర్తం అప్పటికే పెట్టేశారు. పాస్‌పోర్టు జాగ్రత్త చేస్తానని మా నాన్నగారు తీసుకున్నారు. ఆ తర్వాత దాన్ని అత్తయ్య మళ్ళీ చూడలేదు. నాన్నగారంటే నాకు ప్రాణం. నాకు సైకిల్ నేర్పారు, బీయీడీ చదివించారు. ఈ పని చేసింది కూడా ఆయనే. ఈ రెండూ ఒక్క మనిషే చేశాడని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మావయ్యగారు చెడ్డవారు కాదని అందరూ అంటారు. కొట్టలేదు, తాగలేదు, చీరలకి లోటు చెయ్యలేదు. నర్సు పని మాన్పించారు, అంతే. కానీ ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా, పురుడు తేడా చేసినా పెరటి గుమ్మంలోంచి వచ్చి అత్తయ్యని పిలిచేవారు. వీధి గుమ్మంలోంచి పిలిస్తే నర్సమ్మని పిలిచినట్టు అవుతుందట. వెళ్ళేది. వణుకుతున్న మనిషికి ముందు దుప్పటి కప్పాలి, తర్వాతే ప్రశ్నలు అడగాలి అనేది. నా పిల్లలకి జ్వరం వచ్చినప్పుడల్లా నా నోటికి మొదట వచ్చేది ఆ మాటే. నేను ఏ పుస్తకంలోనూ అంత పనికొచ్చే మాట చదవలేదు.

మావయ్యగారు పోయాక మా ఇంటికే వచ్చేసింది. నేను కాలేజీలో ఉండగా ఒకసారి కళ్ళజోడు కోసం అత్తయ్యని అమలాపురం తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే దారిలో ఒక గ్రౌండులో కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఏదో చిన్న టోర్నమెంటు. చూసేవాళ్ళు పది మంది కూడా లేరు. అత్తయ్య గీత దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాసేపటికి వాన మొదలైంది, ఉన్న నలుగురూ చెట్ల కిందకి పోయారు. ఆవిడ కదల్లేదు. తెల్లచీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. గోలీ ముందుకి వచ్చేశాడు, వెనక ఖాళీగా ఉంది, అటు వెయ్యరా అని పెద్దగా కేక పెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో ఆ గొంతు లేదు.

ఆ కుర్రాడు ఒక్కసారి ఇటు చూసి, నిజంగానే అటు వేశాడు. బాల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. బస్సుకి టైమవుతోందని నేనన్నాను.

“ఆఖరి విజిల్ వెయ్యకముందే వెళ్ళిపోతే ఆడేవాళ్ళని అవమానించినట్టే అమ్మడూ. ఇంకో సంగతి. గోలు పడ్డాక అందరూ అరుస్తారు. పడకముందే అరవాలి.”

విజిల్ వేసేదాకా ఉన్నాం. కానీ అన్నయ్య స్నేహితుడు ఎవరో చూశాడు. మేం ఇంటికి చేరేలోపే మాట చేరింది. ముసలావిడ వానలో మగపిల్లల్ని చూసి కేకలేస్తోందని. ఆ రోజు నాన్నగారు అత్తయ్యని ఏమీ అనలేదు, నన్ను అన్నారు. ఇంకెప్పుడూ బయటికి తీసుకెళ్ళొద్దన్నారు. అత్తయ్య గదిలో తల తుడుచుకుంటూ అన్నీ వింది.

నాకు అత్తయ్య మీద కూడా కోపమే. అక్కడ అంత గొంతు పెట్టుకుని ఇక్కడ ఎందుకు నోరు విప్పలేదు? ఆ టెలిగ్రాం అబద్ధమని తెలిసిన రోజున ఎందుకు అరవలేదు? నా పెళ్ళయ్యాక, ధైర్యం వచ్చాక, ఒకరోజు అడిగేశాను. ఇలా చెప్పింది.

“అక్కడ పక్కనున్నవాళ్ళందరూ అరిచేవారే. ఒక్కదాన్నీ అరవడం నాకు రాలేదే.”

దహనం రోజు వెళ్ళాను. మర్నాడు పరీక్ష డ్యూటీ ఉండి కొత్తపేట వచ్చేసి, మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. అత్తయ్య గది కడిగేశారు. ఫినాయిల్ వాసన. మంచం గోడకి ఆనించి ఉంది, ఆల్బం ఉండే ట్రంకు పెట్టె లేదు. ఆల్బం ఏదని అన్నయ్యని అడిగాను.

“చాప, దిండు, బట్టలతోపాటు పెట్టెని కూడా కాలవలో వదిలేయించేను. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచకూడదన్నారు.”

“ఆల్బం వస్తువా అన్నయ్యా?”

“అందులో ఏముందమ్మా? ఎవరో తెల్లవాళ్ళు, బాల్ ఆటలు. సగం కత్తిరించినవి. మొహం సరిగ్గా కనపడేది అదొక్కటేనని కార్డుకి ఇచ్చిన ఫోటో కూడా స్టూడియోవాళ్ళు తిరిగి ఇచ్చేస్తే అందులోనే పెట్టేశాను. ఎవరికి కావాలవి?”

“నాకు కావాలి. అడగొచ్చు కదా.”

“నువ్వు ఊళ్ళో లేవు కదా,” అన్నాడు. తప్పు చేశానన్న భావం అతని మొహంలో లేదు. చేతిలో పెద్దకర్మ వంటవాడికి ఇవ్వాల్సిన సామాన్ల చీటీ ఉంది, మనసు అక్కడే ఉంది. ఇల్లు దాటి ఎన్నేళ్ళో బతికిన ఒక మనిషిని పనసపొట్టు కూర గురించి ఆలోచిస్తూ చెరిపేయవచ్చని నాకు అప్పుడు తెలిసింది.

కాలవ గట్టు వెంట లాకుల దాకా నడిచాను. అక్కడ గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంది. ఒక దిండు దొరికింది, పెట్టె దొరకలేదు.

పెద్దకర్మ రోజు ఆ గోపురం ఫోటోనే ఫ్లెక్సీ చేయించి వీధి మొగలో కట్టారు. పెరటి గుమ్మంలోంచి పిలిచినవాళ్ళందరూ వచ్చారు, భోజనం చేశారు, మైకులో మాట్లాడారు. ఆవిడ గొంతు పక్కింటికి వినపడేది కాదని ఒకాయన అన్నాడు. అదే పొగడ్త. నేను తినకుండా లేచి వచ్చేశాను. అన్నయ్యతో అప్పటి నుంచీ మాటల్లేవు.

మర్నాడు అమలాపురం వెళ్ళి, గడియార స్తంభం దగ్గర ఆ స్టూడియో వెతికి పట్టుకున్నాను. స్టూడియో నడిపే ఆయన నెమ్మదైన మనిషి. ఫలానా ఇంటి తాలూకు అని చెప్పి, అసలు ఫోటో మీ కంప్యూటర్లో ఉందా అని అడిగాను.

“ఆయ్, ఉంటుందండి. వెంటనే చెరిపెయ్యమండి,” అన్నాడు. కుర్చీ చూపించి, తెర నా వైపు తిప్పాడు. “మీ అన్నగారు పళ్ళు కనపడకూడదన్నారండి. నాకైతే ముందుదే బావుందండి. కానీ చెప్పింది చెయ్యాలి కదండీ.”

జరీ చీరతో ఉన్న ఆ పెద్దావిడ తెర మీదకి వచ్చింది. ఆయన ఒక మీట నొక్కాడు, గోపురం పోయింది. ఇంకోసారి నొక్కితే చీర పోయి ఓవర్‌కోటు కాలరు వచ్చింది. జుట్టు నల్లబడింది. నుదుటి మీదకి బొట్టు వచ్చింది. పెదవులు విడిపోయి నోరు తెరుచుకుంది. వెనక ఉన్నట్టుండి జనం నిండిపోయారు, వందల మొహాలు, అన్నీ అరుస్తున్నవే.

ప్రింటు ఏ సైజులో కావాలని ఆయన అడుగుతున్నాడు. చేతిలో పట్టేంత ఫోటోగా తప్ప దాన్ని ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య నోటి ముందు ఒక తెల్లటి మరక ఉంది. వెనకున్న ప్రతి నోటి ముందూ అలాంటిదే ఉంది. ఫోటో పాడైందేమో అనుకుని దగ్గరికి వంగి చూశాను. మరక కాదు. ఆ చలికి అందరి ఊపిరీ ఆవిరై కనపడుతోంది. అత్తయ్య ఊపిరి కూడా, అరుపుతోపాటు బయటికి వచ్చి, మొహం ముందు తెల్లగా నిలిచి ఉంది.