మా ఇంటి సముద్రానికి చిటికెడు మేత

ఆ రోజుల్లో నాకు ఆగడం చేతనయ్యేది కాదు. ఒక్కసారి మీట నొక్కితే వచ్చే లిఫ్టును నాలుగుసార్లు నొక్కి పిలిచేవాణ్ణి. కుక్కర్ మూడో కూత వేయకముందే స్టవ్ కట్టేసి, పలుకు మీదున్న అన్నం తిని, ఆరోగ్యానికి అదే మంచిదని పక్కవాళ్ళకు సలహా కూడా ఇచ్చేవాణ్ణి. హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో, దేశంకాని దేశంలో ఉద్యోగం. పగలంతా పరాయివాళ్ళ రక్తపరీక్షలు మహా నిదానంగా చేసేవాణ్ణి (ఉన్న కాస్త ఓపికా అక్కడే అయిపోయేదేమో), ఇంటికొచ్చాక మాత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు. అలాంటివాడికి పెళ్ళయి, పెళ్ళికూతురు వీసా కోసం బాపట్లలోనే ఉండిపోతే వాడి అవస్థ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, అవతలి గట్టు కనపడని లేక్ ఒడ్డున కారాపి, వీడియో కాల్‌లో ఆ నీళ్ళు చూపించాను. "అబ్బ, సముద్రమే! అచ్చం మన సూర్యలంక తీరంలాగే ఉందండీ!" అని ఆవిడ మురిసిపోయింది. నేను దిద్దలేదు. దిద్దాలనిపించలేదు కూడా. రెండు రోజుల తరవాత ఎవరో పుణ్యాత్ములు చెప్పేశారు. "ఏవండీ, అది ఉప్పునీళ్ళు కాదంటగా? ఉప్పు లేకపోతే అది చెరువే కదా! నన్ను భలే నమ్మించారే!" అని నవ్వింది. నవ్వి, "నాకు వారానికోసారైనా సముద్రం చూడకపోతే తోచదండీ. అక్కడ ఎట్టా ఉంటానో ఏంటో" అంది. ఆ చివరి మాటకు నా ప్రాణం చివుక్కుమంది. "నువ్వొచ్చేసరికి మనింట్లోనే సముద్రం ఉంటుంది. ఉప్పుదే. చేపలతో సహా! ఒట్టు!" అనేశాను. ఆ వారంలోనే వీసా వచ్చింది. టికెట్ ఏడు వారాల తరవాతకు దొరికింది.

అక్వేరియం సామాన్లమ్మే షాపాయనకు నేను పెట్టుకున్న పేరు గడ్డం తాత. ఉప్పునీటి తొట్టె కావాలని చెప్పి, "ఉప్పు మాత్రం వద్దులెండి, మా ఇండియన్ స్టోర్‌లో కల్లుప్పు బస్తా ఉంది, అదీ సముద్రంలో పండిందే" అన్నాను. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది. తాత నన్ను కాసేపు చూసి, చేపల తొట్టెలకని ప్రత్యేకంగా చేసిన ఉప్పు బకెట్ ఒకటి ముందుకు తోశాడు. ఇంటికెళ్ళి కలిపాను. కలిపి, మా అమ్మ పులుసుకు చూసినట్టు వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఇంకో గుప్పెడు వేసి, తాతకు ఫోన్ చేసి "సరిపోయింది" అన్నాను. ఎలా కొలిచావని అడిగాడు. చెప్పాను. మర్నాడు పిలిచి ఉప్పు కొలిచే పరికరం చేతిలో పెట్టాడు.

అసలు పిడుగు తరవాత పడింది. ఇసక పరిచి, సముద్రం నుంచి తెచ్చిన రాళ్ళు పేర్చాక ఆరు వారాలు ఊరికే ఉండాలట! ఆ రాళ్ళలో కంటికి కనపడని జీవాలేవో కాపురం పెట్టి, పిల్లాజెల్లా పెరిగితేనే చేపల మలినాన్ని హరాయించుకోగలవట. లేకపోతే అది అమ్మోనియా అయి చేపలను చంపేస్తుందట. "అప్పటిదాకా నేనేం చూడాలి?" అన్నాను. "నీళ్ళు" అన్నాడు తాత.

చూశాను. కుర్చీ వేసుకుని మరీ చూశాను. పొద్దున పళ్ళు తోముకుంటూ, సాయంత్రం బూట్లు విప్పకుండానే, గాజుగొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు కలిపి రంగు చూసేవాణ్ణి. ఆకుపచ్చ వస్తే అమ్మోనియా ఉన్నట్టు, పసుపు వస్తే లేనట్టు. తాతకు రోజూ ఫోన్ చేసేవాణ్ణి. వారం తిరక్కుండానే నేను హలో అనకముందే "ఆగు" అనడం నేర్చుకున్నాడు. మూడో వారంలో ఒకరోజు పసుపు కనపడింది. ఇంకేముంది! తాత దగ్గరికెళితే ఇవ్వడని తెలుసు కనక, ఏ ప్రశ్నా అడగని ఇంకో షాపుకెళ్ళి రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చి వదిలాను. నారింజరంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు, చిట్టి మొగుడూ పెళ్ళాల్లా పక్కపక్కనే తిరుగుతుంటే, ఫోన్‌లో ఆవిడకు చూపించి కాలర్ ఎగరేశాను. "అయ్యో, ఎంత ముద్దుగా ఉన్నాయండీ! నేనొచ్చేదాకా జాగ్రత్త" అంది.

ఐదో వారంలో, ఆవిడ ప్రయాణం కోసమని, శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పద్నాలుగు మంది వచ్చారు. పాటలయ్యాయి, వాక్యమయ్యింది, పాస్టరుగారు విమానం పైలట్ కోసం కూడా విడిగా ప్రార్థించారు. బిర్యానీ దగ్గర అందరి చూపూ తొట్టె మీద పడింది. సంఘమంతా పెద్దక్క అని పిలిచే నర్సమ్మగారు "ఏం తమ్ముడూ, ఇవేమన్నా తిన్నాయా?" అని అడిగారు. "పొద్దున ఒక చిటికెడు వేశానక్కా, రోజుకంతే" అన్నాను. "చిటికెడా! పాపం, ఇంతమందిమి వాటి ఎదురుగా కూర్చుని తింటన్నాం కదయ్యా!" అన్నారు. నేను నవ్వి పెరుగుచట్నీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆ వెళ్ళడమే నా కొంప ముంచింది.

మర్నాడు పొద్దున తొట్టెలో నీళ్ళు బియ్యం కడుగులా ఉన్నాయి. చేపలు రెండూ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. పరీక్ష చేస్తే గాజుగొట్టం గోంగూర రంగుకు తిరిగింది. రెండు బకెట్ల నీళ్ళు మార్చి, చేపలను డబ్బాలోకి ఎత్తుకుని, చర్చి ఎగ్గొట్టి తాత దగ్గరికి పరిగెత్తాను. దారిలో, అప్పటికే చర్చిలో ఉన్న పెద్దక్కకు ఫోన్ చేస్తే, "నేను ఒక్క చిటికెడే వేశానయ్యా, దేవుడి తోడు!" అన్నారు. ఫోన్ పక్కవాళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళూ ఒక్క చిటికెడే. వాళ్ళ పక్కవాళ్ళూ అంతే. అందరూ ఎవరూ చూడకుండా తలా ఒక చిటికెడు! చివరికి పాస్టరుగారు లైన్లోకొచ్చి, "బాబూ, నేను మేత ముట్టుకోలేదు. చిన్న రొయ్య వేపుడు ముక్క వేశాను. సముద్రంలోదే కదా అని" అన్నారు. కోపం నషాళానికెక్కింది గానీ, ఆయన్ని ఏమనగలను?

తాత దగ్గర ఉన్నదున్నట్టు ఒప్పేసుకున్నాను, వేరే షాపు సంగతితో సహా. ఆయన చేపలను తన తొట్టెలోకి వదిలి, "మీవాళ్ళది ప్రేమ. నీది తొందర. కుదురుకున్న తొట్టె అయితే వాళ్ళ ప్రేమను తట్టుకునేదేమో, అది ఇంకా పసిది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ రావడానికి ఇంకా రెండు వారాలు. ఆ రెండు వారాలూ నేను బోనులో పులిలా తిరిగాను. ఆవిడ ఫోన్‌లో చేపలు చూపించమంటే "నిద్రపోతున్నాయి" అనేవాణ్ణి (పదిహేను రోజులు నిద్రపోయే చేపలను ఆవిడ ఎలా నమ్మిందో!). విమానం దిగే రోజు పొద్దున పరీక్ష చేశాను. లేత ఆకుపచ్చ. ఎయిర్‌పోర్టుకు వెళుతూ తాత షాపు దగ్గర ఆగాను. చేపలు రెండూ బాగా తేరుకున్నాయి. "ఇవ్వమంటే ఇస్తాను, నీవే కదా. నీళ్ళేమంటున్నాయి?" అన్నాడు తాత. చేపల కోసం తెచ్చిన ప్లాస్టిక్ సంచి చేతిలోనే ఉంది. ఇచ్చిన మాట గుర్తుంది. పైకి తేలి నోళ్ళు తెరిచిన ఆ మొహాలూ గుర్తున్నాయి. "ఇంకా ఆగమంటున్నాయి" అని ఖాళీ సంచి జేబులో కుక్కుకుని వచ్చేశాను.

ఆవిడ ఇంట్లో అడుగుపెట్టి, కోటు కూడా విప్పకుండా తిన్నగా తొట్టె దగ్గరికి వెళ్ళింది. "చేపలేవండీ?" అంది. అంతే! కల్లుప్పు దగ్గర్నుంచి రొయ్య ముక్కదాకా ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసి, "మాట తప్పాను. ఉత్త రాళ్ళూ నీళ్ళూ" అన్నాను. ఆవిడ చటుక్కున వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కళ్ళు మూసుకుంది. "ఉప్పు సరిపోయిందండీ" అంది. అంతలో రాతి సందులోంచి, ఎప్పుడు ఏ రాయితో వచ్చిందో, గోరంత విసనకర్రలాంటి పురుగొకటి మెల్లగా విచ్చుకుంది. నేను ఉలిక్కిపడి ముందుకు వంగేసరికి చప్పున లోపలికి పోయింది. "కదలకండీ! కాసేపాగితే అదే వస్తుంది" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఆగాను. అరగంట. అది మళ్ళీ విచ్చుకుంది.

నెల తరవాత చేపలు ఇంటికొచ్చాయి. ఇప్పటికీ ఉన్నాయి, ముసలి దంపతులయ్యాయి. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నప్పుడల్లా వచ్చినవాళ్ళు తొట్టె చుట్టూ తిరిగి చూస్తూ, దానికి అంటించిన అట్టముక్క చదివి నవ్వుతారు. "మేం తిన్నాం. మీరు ప్రార్థన చేస్తే చాలు" అని మా ఆవిడ గుండ్రటి అక్షరాలు. అది అతిథుల కోసమేనని అందరూ అనుకుంటారు. అతిథులు కూర్చునేది ఇటువైపు సోఫాలో. ఆ అట్టముక్క ఉన్నది అటువైపు, ఇంకో చిటికెడు వేద్దామని నేను రోజూ తొందరపడే కుర్చీ ఎదురుగా.