ఉరుముల దేవుడు, ఆకివీడు కరెంటు

ఆకివీడులో కరెంటు పోతే అందరూ చేపల చెరువుల మీదికి పరిగెడతారు. మా శ్రీరాములుగారు మాత్రం వీడియోగేము దగ్గరికి పరిగెడతారు.

ఆయనది చేపల మేత దుకాణం. తాడేపల్లిగూడెంలో మూతపడిన గేముల షాపు నుంచి బీరువా అంత పాత మెషీనొకటి తెచ్చి మేత బస్తాల మధ్య నిలబెట్టారు. నిండా జపాను పురాణాల వాళ్లే. నక్కమొహాల వాళ్లు, మూరెడు ముక్కు రాక్షసులు, చివర్లో వీపు చుట్టూ డోళ్లు కట్టుకున్న ఉరుముల దేవుడు. మన తరఫున ఒక పూజారి పిల్ల మంత్రం చీటీలు తూటాల్లా పేలుస్తూ పోతుంది. శ్రీరాములుగారు పేల్చే ముందు ప్రతి రాక్షసుడికీ "ఏమనుకోకండి" అని చెప్పుకుంటారు.

ఆ మెషీనుకి ఒక్కటే జబ్బు. కరెంటు పోతే స్కోర్లన్నీ మరిచిపోతుంది. అందుకని దుకాణంలో ఇన్వర్టరు దానికొక్కదానికే, ఫ్యానుకి లేదు. భార్య భాగ్యలక్ష్మిగారు విసనకర్రతో వచ్చి అడిగేవారు.

"ఏవండీ, ఆ రాక్షసులకి ఉక్కపోస్తుందా?"

"స్కోరు పోతుందే!"

ఎవరి స్కోరని నేనడిగితే మాట దాటేసేవారు. తెర మీద చూస్తే మూడు ఇంగ్లీషు అక్షరాలే. ఆయనదే అయ్యుంటుంది, ఈ వయసులో ఇదేం యావ అని నవ్వుకునేవాణ్ణి.

మొన్న మబ్బు పట్టిన రోజు కరెంటు పోయింది. దుకాణం వెనకే నా చెరువు. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు నాలుగూ జనరేటరు మీద వేసి ఊపిరి పీల్చుకున్నానో లేదో, శ్రీరాములుగారు వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చారు.

"ఇన్వర్టరు కుయ్యోమంటోందండీ. పావుగంట కూడా ఆగదు. ఒక ఏరియేటరు ఆపి ఆ కరెంటు నాకిస్తారా?"

"చేపలు చస్తాయండీ!"

"నాలుగున్నాయి కదండీ. ఒక్కటి."

తిట్టబోయాను. ఆయన చేతులు జోడించేశారు. ఒకటి ఆపి, వైరు కలిపి, ఈ పిచ్చేమిటో తేల్చుకుందామని వెంట వెళ్లాను.

మెషీను ముందు, చేపల్ని ఐసులో సర్దే సారమ్మ మనవరాలితో నిలబడి ఉంది.

"ఇదిగోనే జాయ్సీ, పైనున్నది నా పేరే. ఆ డోళ్లోణ్ణి కొట్టింది నేనే. మీరైనా చెప్పండి శ్రీరాములుగారూ, ఇది నమ్మట్లేదు."

"మీ మామ్మే ఫస్టమ్మా. రెండేళ్లయింది, ఇంకెవరివల్లా కాలేదు."

జాయ్సీ నోరు తెరుచుకుని మామ్మని చూసింది. సారమ్మ ఐసుకి మొద్దుబారిన వేళ్లతో తెర మీది దుమ్ము తుడిచింది.

"ఒక వానాకాలమంతా తడవకుండా ఇక్కడాగి ఆడిందండీ," అన్నారాయన నాతో మెల్లగా. "జన్మలో ఫస్టు రావడం ఇదేనట. నెలకొకరిని తీసుకొచ్చి చూపించుకుంటుంది."

వాళ్లు వెళ్లాక ఆయన ఆట మొదలుపెట్టారు. దెబ్బకో రాక్షసుడు కూలుతున్నాడు. ఉరుముల దేవుడు ఇంకొక్క దెబ్బకి పడిపోతాడనగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"అయ్యో, పోయానండీ!" అన్నారు సంతోషంగా. నాకు ఆయన మీద ఎక్కడలేని ఇష్టం పుట్టింది.

ఇప్పుడు కరెంటు పోతే వైరు పట్టుకుని నేనే ముందు పరిగెడుతున్నాను. చెరువు గట్టు మీంచి మా ఆవిడ కేకేస్తుంది.

"ఏవండీ, చేపలో?"

"వాటికి మూడు చాల్లేవే!"