పసుపు కింద ఆకుపచ్చ

మా మావ పోయారు.

ఆ పొద్దున దీపం పెట్టి లేస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మావ లేడు" అన్నాడు. అవతల వాడి ఊపిరి వినబడుతూనే ఉంది. దాన్ని వింటూ దేవుడి గూటి ముందు నిలబడిపోయాను.

మావ అంటే అమ్మకి ఆఖరి తమ్ముడు. ఏడాదిగా గుండె బాగాలేదు. మంచం మీద, నిద్రలో వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళకు పైగా రాళ్ళ యార్డులో పనిచేసిన మనిషికి అలాంటి చావు రావడం ఎంత పుణ్యమో ఆ పని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. అందుకని ముందు ఆయన పనేమిటో చెప్తాను.

కోటబొమ్మాళి దాటాక పెద్దరోడ్డు పక్కన గ్రానైటు యార్డు ఉంది. కొండల నుంచి బండలు వస్తాయి. వాటిని పలకలుగా కోసి, మెరుగు పెట్టి, లారీలకి ఎక్కిస్తారు. ఎత్తేది క్రేను. కానీ క్రేను కొక్కెం రాయిని నేరుగా పట్టుకోదు. మధ్యలో ఒక ఇనుపతాడో, గొలుసో, గుడ్డ బెల్టో ఉండాలి. ఏ రాయికి ఏది కట్టాలి, ఎక్కడ కట్టాలి, కట్టబోయేది పనికొస్తుందా రాదా అని చూసే మనిషి మా మావ. యార్డులో అందరూ ఆయన్ని బెల్టు మేస్త్రి అనేవారు.

నాన్న పోయేనాటికి తమ్ముడికి మాటలు కూడా సరిగా రావు. నేను ఇంటికి పెద్దదాన్ని. వాణ్ణి నేనే పెంచాను. వాడు పెళ్ళీడుకొచ్చి, మావ దగ్గర పనిలో చేరతానన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. మావ వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"రాళ్ళ కింద పని మావా. నాకు భయం" అన్నాను.

"రాళ్ళ కింద ఎవుడూ పని సెయ్యడు కోడలా. పక్కన సేత్తాం. కింద నిలబడ్డోడి కాళ్ళు రాయి కంటే ముందు నానే ఇరగ్గొడతాను."

తమ్ముడు నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడాయన గొంతు తగ్గించి, "పొద్దున్న నువ్వెలగిచ్చావో సాయంత్రం అలగే తెచ్చి ఇత్తాను. సరేనా" అన్నారు.

ఆ మాట మీద పంపాను. ఆయన ఆ మాట నిలబెట్టుకున్న ఒక రోజు ఉంది. దాని గురించే ఇది రాస్తున్నాను. ఆ రోజు ప్రమాదం తెచ్చిపెట్టింది నేనే.

పని నేర్పడం ఆయన మా పెరట్లోనే మొదలుపెట్టారు. చేంతాడు మధ్యలో నీళ్ళు నిండిన బకెట్టు కట్టి, ఒక కొస తమ్ముడికిచ్చి, రెండో కొస నా చేతిలో పెట్టారు.

"నాకెందుకు మావా, యార్డుకి నేనొస్తానా?"

"రావు. రేపు ఈడు తప్పు సేత్తే తిట్టేదానివి నువ్వే కదేటి. తెలిసి తిట్టు."

ఇద్దరం దగ్గరగా నిలబడి ఎత్తాం. బకెట్టు తేలిగ్గా లేచింది. "ఎడంగా జరగండి" అన్నారు. జరిగాం. "ఇంకా" అన్నారు. తాడు అరచేతుల్ని కోయడం మొదలుపెట్టింది. "ఇంకా" అన్నారు. ఇక నా వల్ల కాలేదు. వదిలేశాను. నీళ్ళన్నీ నా చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.

"బకెట్టులో నీళ్ళు పెరిగాయేటి?"

"లేదు మావా" అన్నాడు తమ్ముడు.

"మరి బరువెందుకయింది? తాడు కాళ్ళు బారజాపింది. కాళ్ళు దగ్గరగా ఉన్నంతసేపే అది మన మాట ఇంటాది. బారజాపితే ఒక రాయి రెండు రాళ్ళవుతాది."

నన్ను చూసి, "చీర మార్చుకో కోడలా, నీకు పాఠం వచ్చీసింది" అన్నారు.

ఆయన చెప్పగా విన్నవి ఇంకా కొన్ని నాకు గుర్తున్నాయి. మెరుగు పెట్టిన పలకకి ఇనుపతాడు కడితే గీతలు పడతాయి, దానికి బెల్టే కట్టాలి. కోయని బండకి బెల్టు కడితే దాని అంచు బెల్టుని కోసేస్తుంది, దానికి ఇనుపతాడు. బెల్టు కట్టినప్పుడు మూలల దగ్గర పాత టైరు ముక్క పెట్టాలి. పొడవు తగ్గించడానికని ఎవరైనా బెల్టుకి ముడి వేస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "ముడేసినాక అది బెల్టు కాదురా, మొలతాడు. నీ నడుముకి కట్టుకో" అనేవారు.

మా వైపు గాలిలో నౌపడ ఉప్పుమళ్ళ ఉప్పు ఉంటుంది. ఇనుపతాడు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తింటూనే ఉంటుంది. ఆయన రోజూ పొద్దున తాళ్ళ వెంట నూలుగుడ్డ ఒకటి పట్టి జరుపుకుంటూ వెళ్ళేవారు. ఎక్కడ దారప్పోగు చిక్కుకుంటే అక్కడ తీగ తెగిందని లెక్క. "అరచెయ్యితో తడిమితే అరచెయ్యే సెప్తాది, కానీ రక్తంతో సెప్తాది" అనేవారు.

పనికిరావని తీసేసిన బెల్టులు ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. మూరెడేసి ముక్కలుగా కోసి పారేసేవారు. మా పక్కింటాయన గేదెని కట్టుకోవడానికి ఒకటి ఇమ్మని ఏడాది పొడుగునా అడిగాడు.

"పిల్లనడిగినా ఇచ్చీసేవోడివి. పాత బెల్టు ఇయ్యవేటి మేస్త్రీ?"

"పిల్లనైతే బాగోపోతే ఎనక్కి తెచ్చుకుంటాను బావా. నీ గేదెకి కట్టినది రేపు నీ కొడుకు ట్రాక్టరు లాగడానికి తీత్తాడు. ఆ పైన బోరింగు పైపు ఎత్తడానికి తీత్తారు. అప్పుడేటి తెచ్చుకుంటాం?"

ఇక ఆ దసరా.

యార్డులో దసరాకి యంత్రాలకి పూజ చేస్తారు. మా అత్త అప్పటికే లేదు. మావ ఇంటి ఆడపిల్లగా ఆ పూజకి ఏటా నేనే వెళ్ళేదాన్ని. క్రేనుకి, కోత యంత్రాలకి బొట్లు పెట్టేదాన్ని. ఆ ఏడు పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే కొయ్యలకి వేలాడుతున్న బెల్టులు కనిపించాయి. నా తమ్ముడి ప్రాణం మోసేవి ఇవే కదా అనుకున్నాను. ఒక్క బొట్టు చాలదనిపించింది. నీడన కూర్చుని, ఒక్కొక్క బెల్టునీ ఒళ్ళోకి తీసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా గడపకి రాసినట్టు పసుపు రాశాను. రాస్తున్నంతసేపూ తమ్ముడి పేరే తలుచుకున్నాను. మావ ఆ సమయంలో క్రేను తాడు చూస్తూ యార్డు అవతలి కొసన ఉన్నారు.

అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. బెల్టు ఎంత బరువు మోస్తుందో దాని రంగే చెబుతుంది. ఆకుపచ్చది రెండు టన్నులు. పసుపుది మూడు టన్నులు. కొస దగ్గర కుట్టిన చీటీ మీద కూడా రాసి ఉంటుంది. నేను రంగు మీదా రాశాను, చీటీ మీదా రాశాను.

హారతి అయింది. కొబ్బరికాయ కొట్టారు. మంచి గడియలో మొదటి కట్ట లారీకి ఎక్కించాలని యార్డు యజమాని తొందర. "బేగి కానీండి, వర్జ్యం వచ్చేస్తాది" అంటున్నారు. ఆ పలకల కట్టకి మూడు టన్నుల బెల్టులు రెండు కావాలి. తమ్ముడు కొయ్య మీద నుంచి పసుపుగా ఉన్నవి రెండు తీసి కట్టాడు. క్రేను పైకి లాగింది. కట్ట జానెడు లేచింది. ఊగకుండా తమ్ముడు దాని మూల మీద చెయ్యి ఆనించాడు.

"దించు" అన్నారు మావ.

అరవలేదు. చెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు తిప్పి చూపించారంతే. క్రేను డ్రైవరు దించేశాడు.

"ఏటి మేస్త్రీ, మంచి గడియలో ఎత్తింది దించీడమేటి? అపశకునం" అన్నారు యజమాని.

"గడియ ఇంకా ఉన్నాది బాబూ. ఒక బెల్టు యెడల్పుగా ఉన్నాది, ఒకటి సన్నంగా ఉన్నాది. సూసి ఎత్తుదాం."

ఆ సన్నటి బెల్టు విప్పి కొళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. నాకు కోపం వచ్చింది. "మావా, అది పూజ చేసిన పసుపు" అన్నాను. ఎవరో వెనక నుంచి "అమ్మోరికి ఆగ్రహం వస్తాది" అన్నారు. ఆయన వినిపించుకోలేదు. నీళ్ళు పోసి బొటనవేలితో రుద్దుతున్నారు. పసుపు నీళ్ళు పారుకుంటూ వచ్చి నా పాదాలు తడిపాయి. బెల్టు మీద ఆకుపచ్చ తేలింది.



"ఒరే అల్లుడూ, సీటీ సదువు."

"రెండు టన్నులు" అన్నాడు తమ్ముడు.

"పసుపు బెల్టు ఎంత యెడల్పు?"

"బెత్తెడు."

"ఇదెంత?"

తమ్ముడు వేళ్ళు ఆనించి చూశాడు. "మూడు వేళ్ళు మావా."

మావ ఇంకా రుద్దుతున్నారు. మరో రెండు మూరలు పోయాక ఆగి, బెల్టు అంచు వంచి వెలుగుకి పట్టారు. అక్కడ గోరంత కోత ఉంది. నా పసుపు దాని నిండా కూరుకుపోయి ఉంది. తమ్ముడు చెయ్యి ఆనించిన మూల దగ్గర చుట్టుకున్నది బెల్టులో ఆ భాగమే. అది తెగి ఉంటే పలకలు వాడి మీదకే జారేవి.

నేను పళ్ళెం కింద పెట్టేశాను. నేనే రాశానని చెప్పాలి. ఈలోగా మావ అందరికీ వినబడేటట్టు అన్నారు.

"తప్పు నాది. రంగు సూడమని నేర్పాను. రంగుని నమ్మీయొద్దని నేర్పలేదు. ఇకమీద సీటీ సదవందే కొక్కేనికి ఏదీ తగిలించకండి. సీటీ కనబడనిది ఎంత కొత్తదైనా బెల్టు కాదు."

తర్వాత ఆ బెల్టుని అక్కడే ముక్కలు చేశారు. మిగతావన్నీ విప్పించి కడిగించారు. యజమాని తానే వచ్చి కొళాయి గొట్టం పట్టుకున్నారు. వర్జ్యం వచ్చింది, పోయింది. మధ్యాహ్నం ఎప్పుడో మొదటి కట్ట లేచింది. ఏ అపశకునమూ జరగలేదు.

ఆ సాయంత్రం మావ తమ్ముణ్ణి తన బండి మీద వెనక కూర్చోబెట్టుకుని మా గుమ్మం దాకా వచ్చారు. "తెచ్చాను, సూసుకో" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"నా చేతులతోనే రాశాను మావా. వాడి పేరు చెప్పుకుని మరీ రాశాను."

"ఒలే గుంటా, ఆడి మీద పేనం కాబట్టే అంత రాసినావు. నాకు తెలదేటి." బండి తిప్పుకుంటూ అన్నారు. "వచ్చీ ఏడు ఒక్క బొట్టు పెట్టు. అమ్మోరికి అది కనబడతాది. మిగతాది నాకు కనబడాల."

మళ్ళీ ఏడాది బెల్టుల జోలికి పోలేదు. అవి వేలాడే కొయ్యకి బొట్టు పెట్టి వచ్చాను. ఆయన చూసి తలూపారు.

ఇంకొక మాట చెప్పాలి. హారతి ఇచ్చేటప్పుడు అందరూ కళ్ళు మూసుకునేవారు. మావ మూసుకునేవారు కాదు. చేతులు జోడించి నిలబడి క్రేను వైపు, తాళ్ళ వైపు, మనుషుల కాళ్ళ వైపు చూస్తుండేవారు. ఆయనకి భక్తి తక్కువని నేను చాలా కాలం అనుకున్నాను. నా పూజ కళ్ళు మూసుకుని చేసేది. ఆయనది కళ్ళు తెరుచుకుని చేసేది. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

ఆఖరిసారి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు అంబులెన్సులో ఆయన పక్కన నేనున్నాను. స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఛాతీ మీదుగా పట్టీ బిగించారు. ఊపిరి అందడం లేదు. అయినా చూపుడువేలు మెల్లగా ఆ పట్టీ అంచు వెంట జరుగుతోంది. ఏమిటి మావా అన్నాను. "కుట్టు బాగున్నాది" అన్నారు. కంగారు పడకు అని ఆయన నాతో అన్న మాట అది. అక్కడ నాలుగు రోజులుంచి ఇంటికి పంపారు. ఆ తర్వాత వారం తిరక్కుండానే తమ్ముడు ఫోన్ చేశాడు.

మొన్న పదో రోజు. యార్డుకి సెలవిచ్చారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా వచ్చారు. పలాస వైపు వెళ్ళిపోయినవాళ్ళు, సాలూరులో లారీల దగ్గర చేరినవాళ్ళు కూడా వచ్చారు. రెండు వరసల్లో కూర్చున్నారు. నేను పులుసు గిన్నె పట్టుకుని వరస వెంట నడుస్తున్నాను. తల వంచుకుని నడుస్తుంటే నాకు వాళ్ళ ముఖాలు కాదు, విస్తళ్ళ మీద చేతులే కనిపించాయి. రాతి దుమ్ముకి గోళ్ళు తెల్లబారిన చేతులు. కాయలు కాసిన చేతులు. వరస మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఒక్క చేతికీ ఒక్క వేలు తక్కువ లేదు.

చివర తమ్ముడు కూర్చున్నాడు. అన్నంలో ఐదు వేళ్ళతో గుంత చేసుకుని, పులుసు కోసం తలెత్తి నా వైపు చూస్తున్నాడు.