స్పీకర్‌లో పెట్టిన మేడమ్ గొంతు

నేను చదివింది నాలుగో తరగతి. రాయడం ఇదే మొదలు. అయినా రాస్తాను.

బూర్గంపాడు అవతల ఒక గూడెంలో ఆశా వర్కర్‌గా పని చేసేదాన్ని. మా పైన ఒక సూపర్‌వైజర్ మేడమ్. మనిషిని పక్కకు పిలిచి చెప్పడం ఆమెకు తెలియదు. పని చెప్పినా, తిట్టినా వాట్సాప్ గ్రూపులో వాయిసే. నా ఫోన్ పాతది, స్పీకర్‌లో పెడితేనే వినపడుతుంది. ఆ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పుకున్నాను.

వానాకాలంలో ఒకరింటి కోడలు పిల్లకు నెలలు నిండాయి. వాగు పొంగితే దారి ఉండదు. ముందే భద్రాచలం దవాఖానాలో చేర్పిద్దామని వాళ్ల అత్తను వారం రోజులు బతిమాలాను. చివరికి ముసలామె ఒప్పుకుంది. బట్టల మూట కట్టింది. ఆటో కూడా వచ్చింది.

అప్పుడే గ్రూపులో మేడమ్ వాయిస్ వచ్చింది. దవాఖానా సంగతేమో అనుకుని వాళ్ల ముందే స్పీకర్‌లో పెట్టాను.

"ఏమ్మా, ఇయ్యాల ఇండ్లకు పోయిన ఫొటోలేవి? నీకు పని చాతనైతదా అసలు? నిన్ను నమ్ముకుంటే జనం సచ్చుడే!"

ముసలామె మూట కింద పెట్టింది.

"మీ మేడమే గట్లంటాంది. నీ ఎంట నా కోడల్ని ఎట్ల పంపాలె?"

"అవ్వా, అది ఫొటోల లొల్లి. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఏందైతే ఏంది? నువ్వు పో."

ఆటో అతను కాసేపు చూసి వెళ్లిపోయాడు. సాయంత్రం నుంచి ఒకటే వాన. తెల్లారి నొప్పులు మొదలైతే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసి వాగు దాటించారు. కోడలు పిల్ల బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

మీటింగులో మేడమ్ అందరి ముందు నన్ను నిలబెట్టింది.

"ముందే ఎందుకు తీస్కపోలే? నీ మాట వాళ్లు ఎందుకు వినలే?"

నేను ఫోన్ తీసి ఆ వాయిస్ పెట్టాను. ఆమె గొంతు గది నిండా మోగింది.

"బంద్ చెయ్! జల్దీ బంద్ చెయ్!" అని అరిచింది.

అయిపోయేదాకా ఆపలేదు. తర్వాత మందుల సంచి టేబుల్ మీద పడేసి బయటికి వచ్చాను. నాకు ముందు ఇద్దరు ఇట్లాగే మానేశారు. నా తర్వాత వచ్చినామె నాలుగు నెలలు కూడా ఉండలేదు.

ఆ పిల్ల సంతలో ఎదురైతే ఇప్పటికీ నేనే పక్కకు తప్పుకుంటాను. మేడమ్ మాత్రం గ్రూపులో వాయిస్‌లు పెడుతూనే ఉందట.