బీరువాల బావ చేసిన రూటరు

మా బావ ఇనుప బీరువాలు చేస్తాడు. ఆయన బిగించిన తలుపు మూసుకుంటే లోపలికి చీమ కూడా దూరదు. ఆ మాట రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

సెలవుల్లో ఇంట్లో వైఫై రూటరు కాలిపోయింది. మా అక్క ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. బావ పాత రూటరును విప్పి చూసి, "ఇంతేనా? కొనడమెందుకు, నేనే చేస్తా" అన్నాడు.

"చెయ్యండి. కానీ సెలవులయ్యాక మొదటి క్లాసు తప్పితే పిల్లలు వేరే టీచరును చూసుకుంటారు. పోయినేడాది సగంమంది అలాగే పోయారు" అంది అక్క.

అలా యాభై ఏళ్ల వయసులో బావ చిప్‌లతో పని చేయించే ఎంబెడెడ్ సిస్టమ్స్ చదువులో పడ్డాడు. వెల్డింగుకు అలవాటుపడ్డ చెయ్యి కదా, సోల్డరింగ్ చేయబోయి మొదటి బోర్డును మాడ్చేశాడు. రెండో బోర్డు మీద చిన్న దీపం వెలిగి ఆరేలా ప్రోగ్రాం రాసి, వీధంతా పిలిచి చూపించాడు. పక్కింటాయన మర్యాదకు రెండుసార్లు చూశాడు. చిప్‌కు ప్రతి పనీ విడమరచి చెప్పాలని తెలిసినప్పుడు బావ, "దీనికన్నా నేనే నయం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

నెల తిరిగేసరికి ఫోనులో మా వైఫై పేరు కనబడింది. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ తిరిగాయి.

అంతటితో ఊరుకుంటే ఆయన బావ ఎందుకవుతాడు? క్లాసు రోజు పొద్దున్నే, బోర్డు బోసిగా ఉందని మందపాటి ఇనుప రేకుతో బుల్లి బీరువా చేసి, యాంటెన్నాతో సహా అందులో బిగించేశాడు. తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు కూడా బిగించాడు. వైఫై మాయం. ప్రోగ్రాంలో తప్పుందనుకుని పంక్తి పంక్తీ వెతికాడు. క్లాసుకు అయిదు నిమిషాలుందనగా చేతులెత్తేసి, "నీ పిల్లల్ని నేనే పోగొట్టాను" అన్నాడు.

అక్క వచ్చి బీరువా తలుపు తెరిచింది. ఫోనులో వైఫై పేరు ప్రత్యక్షమైంది. "ఇనప్పెట్టెలో పెట్టి మూసేస్తే సిగ్నలు ఎట్లా వస్తుందండీ?"

బోర్డునో స్ప్రింగునో విప్పే వ్యవధి లేదు. బావ తలుపు మూసుకోకుండా పట్టుకుని అక్క వెనకే కూర్చున్నాడు. క్లాసు సగంలో ఒక పిల్ల, "టీచర్, ఆ అంకుల్ ఎవరు?" అంది.

"మా ఆయన. ఇవాళ నేను మీకు కనబడుతున్నానంటే ఆయన చలవే. అందరూ నమస్కారం చెప్పండి" అంది అక్క.

పిల్లలందరూ చేతులు జోడించారు. బావ పొంగిపోయి, తిరిగి నమస్కారం పెట్టడానికి రెండు చేతులూ ఎత్తాడు.